పెరట్లో కోర్టు

ఇంటి వెనక వరండా,
ఆదివారం సాయంత్రం

ఒరే తమ్ముడూ,

బాగున్నావా? ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ పోయినసారి మాట్లాడిన పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు నువ్వు "ఆఁ? ఏంటీ?" అనడానికే సరిపోయాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆ క్లబ్బులో గడ్డి కోసే మిషన్ వెనక నడిచి నడిచి చెవులు దానికే ధారపోశావు. అందుకని ఉత్తరం. కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చదువుకో.

సూటిగా చెప్తాను. మా పెరట్లో టెన్నిస్ కోర్టు వెయ్యాలి. సిమెంటుది కాదు, ఎర్రమట్టిది కాదు. నువ్వు పెంచేలాంటిది, పచ్చగడ్డిది.

నవ్వకు. నీ వంతు కూడా మీ బావ నవ్వేశాడు. "పెరట్లో కోర్టా? ఎవరి మీద వేస్తున్నావే కేసు?" అన్నాడు. నవ్వి నవ్వి, స్థలం ఎక్కడుందని అడిగాడు. నేను మాట్లాడకుండా ఆయన చిక్కుడు పందిరి వైపు చూశాను. అంతే, నవ్వు ఆగిపోయింది. ముప్ఫై అయిదేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆ పందిరి కింద కుర్చీ వేసుకుని పాదులకు కబుర్లు చెప్పుకుంటున్నాడు. ఆయన్ని అక్కణ్ణించి లేపడమంటే నడుస్తున్న బస్సులో డ్రైవరుని లేపడమే.

ఎందుకిదంతా అంటావు. ఆరోగ్యానికి. ఆస్పత్రిలో నర్సుగా ఉన్నన్నాళ్ళూ వార్డుల మధ్య తిరిగేదాన్ని. రిటైరయ్యాక ఆ నడక లేదు, ఒళ్ళు బరువెక్కుతోంది. అంతకుమించి ఏం లేదు.

మిడత బాగానే ఉంది. ఇంట్లోనే ఉంది.

ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో రాయి. వానలకి ఇంకా నెలన్నర టైముంది.

నీ అక్క

*

క్లబ్బు, పనిముట్ల గది,
గురువారం

అక్కా,

నవ్వలేదు, ఒట్టు. కాస్త దగ్గానంతే.

గడ్డి కోర్టంటే ఏమిటనుకున్నావు? ఎప్పటికీ పెద్దవ్వని పసిపిల్ల. పెళ్ళి చేసుకోరా అని నువ్వు పదేళ్ళు పోరినా నేను చేసుకోకపోవడానికి కారణం అదే, ఇంట్లో రెండో పసిపిల్లకి చోటు లేక. పొద్దున్నే నీళ్ళు. రోజు విడిచి రోజు కోత. కలుపు. వాన పడితే ఒక బెంగ, పడకపోతే ఇంకో బెంగ. నాలుగు రోజులు ఊరెళ్ళొస్తే మొహం తిప్పుకుంటుంది. సిమెంటు పోయించుకో, హాయిగా ఉంటుంది.

ఇంకో అనుమానం. నువ్వు జన్మలో రాకెట్ పట్టుకోలేదు. బావ పట్టుకున్నది స్టీరింగు ఒక్కటే. మరి ఆ కోర్టులో ఆడేదెవరు?

నా మేనకోడలి గురించి ఒక్క ముక్కలో తేల్చేశావు. చిన్నప్పుడు సెలవల్లో ఇక్కడికొచ్చి నా గడ్డి మీద గెంతుతుంటే "మిడత" అని పేరు పెట్టింది నేను. మొదటి రాకెట్ కొనిచ్చింది నేను. ఫైనల్లో మోకాలు తిరగబడిందని, ఆపరేషనైందని నాకు చెప్పావు. ఆ తరవాత పది నెలలుగా ఎప్పుడడిగినా "బాగానే ఉంది" అంటావు. ఆ "బాగానే" నాకు నచ్చడం లేదు.

సరే, నీ పట్టు నాకు తెలియంది కాదు. గడ్డి కోర్టులో గడ్డికన్నా మట్టి ముఖ్యం. బంతిని ఎగరేసేది మట్టే. ఒక గాజు సీసాలో మూడోవంతు మీ పెరటి మట్టి వేసి, నిండా నీళ్ళు పోసి బాగా ఊపు. ఒక రోజు కదపకుండా ఉంచు. అడుగున ఇసుక, మధ్యలో ఒండు, పైన బంకమన్ను పొరలుగా పేరుకుంటాయి. ఏ పొర ఎంత మందమో కొలిచి రాయి. స్థలం కొలతలు కూడా.

తమ్ముడు

*

ఇంటి వెనక వరండా,
బుధవారం

ఒరే తమ్ముడూ,

సీసా కిటికీలో పెట్టాను. అడుగున ఇసుక రెండంగుళాలు, మీద ఒండు అంగుళం, బంకమన్ను నా గోరంత. మీ బావ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, "రక్త పరీక్ష రిపోర్టు ఎప్పుడొస్తుంది సిస్టర్?" అన్నాడు. స్థలం కొలిచింది ఆయనే. టేపుతో కాదు. గోడ దగ్గర నిలబడి ఒక కన్ను మూసి, "మూడు బస్సులు వరసగా నిలబడతాయి. నాలుగోది రివర్సులో కూడా పట్టదు" అన్నాడు. తరవాత నేను టేపు పెట్టి కొలిస్తే పొడవు నూటెనిమిది అడుగులు, వెడల్పు నలభై ఎనిమిది. ఆయన లెక్క రెండు అడుగులు తప్పింది. ఆ రెండు అడుగులూ బంపరట.

చిక్కుడు పందిరి కంచె వెంబడి మార్చుకోవడానికి ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో చెప్తాను. నీకు అబద్ధం రాసి వారం రోజులుగా నాకు మనసు మనసులో లేదు.

ఆరోగ్యం నాది కాదురా. పిల్లది.

మోకాలు పూర్తిగా బాగుపడిందన్నాడు డాక్టరు. పిల్ల మాత్రం బాగుపడలేదు. గది దాటి రాదు. వీధిలోకి వెళ్ళి ఎన్ని నెలలైందో నాకు లెక్క కూడా లేదు. రాకెట్ల సంచి మంచం కింద ఉంది, జిప్పు తియ్యలేదు. నాతో మూడు మాటలే మాట్లాడుతుంది. "సరే", "వద్దు", "అక్కడ పెట్టు". వ్యాయామం చేయించడానికి వచ్చే ఆవిడ పోయిన నెల వెళ్తూ వెళ్తూ, "మెత్తటి గడ్డి మీద చెప్పుల్లేకుండా నడిపించండి, అదొక్కటే మిగిలింది" అంది. ఏ పార్కుకి రమ్మన్నా "వద్దు". అందుకని గడ్డినే గుమ్మం దగ్గరకి తెద్దామనుకున్నాను. వంద అడుగుల గడ్డి. అందులో పది అడుగులు నడిచినా చాలు.

ఇప్పుడు చెప్పు, సిమెంటు పోయించమంటావా?

నీ అక్క

*

క్లబ్బు, పనిముట్ల గది,
మంగళవారం

అక్కా,

సిమెంటు మాట మర్చిపో.

మీది ఇసుక నేల. నీళ్ళు బాగా ఇంకుతాయి కానీ బంతి లేవదు. ఇటుకలు చేసేవాళ్ళ దగ్గర బంకమట్టి దొరుకుతుంది, రాళ్ళు లేకుండా జల్లించి తెప్పించు. ముందు మీ మట్టి ఒక అడుగు లోతు తీయించు. అంచుల వెంబడి కాలవ తవ్వి కంకర నింపు. తరవాత బంకమట్టి రెండేసి అంగుళాల చొప్పున పరుస్తూ, తడుపుతూ, ప్రతి పొర మీదా రోలరు నడపాలి. తొందరపడి ఒకేసారి పోశావో, లోపల బోలుగా ఉండిపోతుంది. పైకి నున్నగానే కనిపిస్తుంది. మొదటి వానకి బయటపడుతుంది.

వాలు పది అడుగులకి ఒక అంగుళం. కంటికి తెలియకూడదు, నీటికి తెలియాలి. ఇద్దరిద్దరు ఆడే కోర్టుకి మీ వెడల్పు చాలదు. ఒక్కొక్కరు ఆడేదే గియ్యి, డెబ్భై ఎనిమిది అడుగులకి ఇరవై ఏడు.

ఒక మాట. ఇది తనకోసమని మిడతకి చెప్పకు. ఎవరో మనకోసం కష్టపడి పరిచిన దాని మీద కాలు పెట్టడం చాలా బరువు. ఆరోగ్యానికని నాకు చెప్పిన అబద్ధమే తనకీ చెప్పు. ఇప్పటికే బాగా అలవాటైంది కదా.

ఎప్పుడు ఏ అనుమానం వచ్చినా రాయి. ఈ మధ్య నాకు తీరికే.

తమ్ముడు

*

ఇంటి వెనక వరండా,
మొదటి వాన పడిన మర్నాడు

ఒరే తమ్ముడూ,

నీ గడ్డి ఇంకా మొలవలేదు కానీ మా ఇంట్లో ఒక మొక్క మొలిచిందని నీకు చెప్పాలి.

ముందు నుంచి చెప్తాను. మట్టి తవ్వడానికి ఇద్దరు ఆడకూలీలు వచ్చారు. వాళ్ళు మధ్యాహ్నానికల్లా మీ బావని కూడా కూలీగా మార్చేశారు. "డ్రైవరుగారూ, ఆ తట్ట ఇటందుకోండి" అంటే పరిగెత్తేవాడు, నేను కాఫీ అడిగితే లేవని మనిషి. రోలరు అద్దెకి దొరకలేదు. పాత నీళ్ళ డ్రమ్ములో కాంక్రీటు పోయించి, మధ్యలో ఇనప కడ్డీ గుచ్చి తనే ఒకటి చేశాడు. దాన్ని తోస్తూ ఆ చివరికి వెళ్ళి "రైట్ రైట్!" అని అరుచుకుని మళ్ళీ వెనక్కొస్తాడు. వీధివాళ్ళు గోడ మీంచి చూసి పోతున్నారు.

నిన్న మూడో పొర అయ్యేసరికి వాన దంచింది. ఆగాక చూస్తే తూర్పు మూల చెరువు. మేమిద్దరం దాని పక్కన నిలబడి దిక్కులు చూస్తున్నాం. ఆయనేమో వాలు సరిగ్గానే ఉంది, వానదే తప్పంటాడు. అప్పుడు పైనించి వినిపించింది:

"నాన్నా! ఆ మూల పల్లంగా ఉంది. నాకు కిటికీలోంచి కనపడుతోంది, పక్కనే నిలబడి మీకెట్లా కనపడలేదు?"

దాదాపు ఏడాదిగా అంత పొడుగు మాట విన్లేదురా. మేం తల ఎత్తలేదు. ఎత్తితే ఎగిరిపోతుందేమోనని భయం. కాసేపటికి కిందికొచ్చింది. వాళ్ళ నాన్న రెయిన్‌కోటు, మోకాలికి పట్టీ. తాపీవాళ్ళు మట్టం చూసుకునే నీళ్ళ గొట్టం ఉంది కదా, అది చేతిలో ఉంది. ఎక్కడ పట్టుకుందో తెలీదు. "నాన్నా, ఆ చివర అమ్మని పట్టుకోమను" అంది. నేను తనకి మూరెడు దూరంలోనే ఉన్నాను. అయినా నాన్నకే చెప్పింది.

పట్టుకున్నాను. గంటసేపు ఇద్దరం ఒకే గొట్టం చెరో చివర పట్టుకుని పెరడంతా తిరిగాం. రెండంగుళాలు పల్లంట. ఇవాళ పొద్దున ఆరింటికే లేచి మళ్ళీ కిందికొచ్చింది.

నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. మీ బావకి ఉల్లిపాయలని చెప్పాను. "ఉల్లిపాయలు తరిగినట్టు లేదే" అని పోయాడు.

నీ అక్క

*

నా గది, కిటికీ దగ్గర,
సోమవారం

మావయ్యా,

అమ్మ ఉత్తరంలో పెడితే చదువుతుందని ఇది విడిగా పంపిస్తున్నాను. నాన్న పోస్టులో వేస్తానన్నాడు. ఎవరికని కూడా అడగలేదు. డ్రైవరు కదా, మలుపుల్లో మాట్లాడడు.

మూడు సందేహాలు. పై పొరకి బంకమట్టిలో కొంచెం సన్న ఇసుక కలపమని ఒకరంటున్నారు, కలపొచ్చా? గడ్డికి విత్తనాలు చల్లాలా, కాడలు నాటాలా? నెట్టు స్తంభాలు ఇప్పుడే పాతాలా, గడ్డి అల్లుకున్నాకా?

నేను ఆడను. ముందే చెప్తున్నాను. లెవెల్ తప్పుగా ఉంటే చూస్తూ కూర్చోలేక కిందికొచ్చాను. నాన్న వదిలేస్తే ఆ కోర్టులో బంతి కాదు, బస్సు కూడా పక్కకి దొర్లుతుంది.

ఇది నాకోసమని నాకు తెలుసు. వాళ్ళు గుసగుసలాడితే వీధి చివరికి వినిపిస్తుంది. పర్లేదు. తెలియనట్టే ఉంటున్నాను.

ఇంకొకటి. ఫైనల్ రోజు పొద్దున ఏం జరిగిందో అమ్మ మీకు చెప్పిందా? చెప్పకపోతే మీరడగండి. నేనడగను. నేనడిగితే తను చెప్పినట్టు కాదు, నేను రాబట్టినట్టవుతుంది.

మీ మిడత

*

క్లబ్బు గేటు దగ్గర,
శుక్రవారం

అక్కా,

రేపు పొద్దున బస్సులో మూడు గోనెసంచులు వస్తాయి. తడిగుడ్డలో చుట్టిన గరిక కాడలు. రాగానే విప్పి నీడలో పరుచు. జానెడు దూరంలో వరసలు వేసి, ప్రతి కాడకీ రెండు కణుపులు మట్టిలో, ఒకటి పైన ఉండేట్టు నాటాలి. ముసురు పట్టిన రోజుల్లోనే నాటితే నెల తిరిగేసరికి ఒకదాన్నొకటి వెతుక్కుంటూ అల్లుకుంటాయి. నెలన్నర దాకా ఎవరూ తొక్కకూడదు. మొదటి కోత వేలెడు ఎత్తులో. తరవాత తగ్గిస్తూ తగ్గిస్తూ చివరికి బియ్యపు గింజ పొడవుకి తేవాలి. పై పొరలో ఇసుక కలపొద్దని, స్తంభాలు ఇప్పుడే పాతించమని మిడతకి చెప్పు.

ఇవి ఒకటో నంబరు కోర్టు కాడలు. ఒకటో నంబరు గడ్డిని నేనెలా పీకానని నీకు అనుమానం రావాలి. రాకపోతే నువ్వు మా అక్కవి కాదు.

సోమవారం తవ్వే మిషను వచ్చిందక్కా. నాలుగు కోర్టులూ ఒక్క రోజులో ఎత్తేసింది. రంగు వేసిన గట్టి నేల పరుస్తారట. "దీనికి ఏ పోషణా అక్కర్లేదు" అన్నారు సెక్రటరీగారు సంబరంగా. ఆ పోషణ అంటే నేనే కదా, పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన చెడ్డవాడు కాదు, తట్టలేదంతే. నాకు గేటు దగ్గర కుర్చీ, ఒక రిజిస్టరు ఇచ్చారు. వచ్చే కార్ల నంబర్లు రాసుకోవాలి. మిషను రావడానికి ముందురోజు మోకాళ్ళ మీద కూచుని చేతనైనంత గరిక లాక్కున్నాను.

ఈ సంగతి ఎండాకాలంలోనే తెలుసు. నీ మొదటి ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందు. అది చదివి దగ్గానని రాశాను చూడు, అది దగ్గు కాదు.

నా సంగతి చెప్పేశాను. ఇక నీది. ఫైనల్ రోజు పొద్దున ఏం జరిగింది? పిల్ల నన్ను అడగమంది.

తమ్ముడు

*

వంటింటి బల్ల దగ్గర,
మధ్యాహ్నం

తమ్ముడూ,

కాడలు బతికే ఉన్నాయి. రెండు రోజులు ఆ కూలీలు, మేమిద్దరం వంగి నాటాం. మిడత ఒక చిన్న పీట మీద కూచుని, కాలు చాపుకుని, వరస తరవాత వరస జరుగుతూ వెళ్ళింది. ఇవి ఎక్కడివో చెప్పాను. "ఒకటో నంబరా?" అంది. ఆ తరవాత ఒక్క కాడ కూడా పారెయ్యనివ్వలేదు, ఎండినవాటిని సైతం.

ఎండాకాలం నించీ అంత బాధ కడుపులో పెట్టుకుని నాకు వాలు లెక్కలు రాశావా? తిట్టిపోద్దామని కలం తీశాను. తీశాక తెలిసింది, తిట్టే నోరు నాకు లేదని. దాచుకోవడంలో ఇద్దరం ఒక తల్లి పిల్లలమే.

ఇది నాలుగోసారి రాస్తున్నాను. మూడు చించేశాను.

సెమీఫైనల్లోనే మోకాలు వాచింది. రేపు ఆడకపోవడమే మంచిదని అక్కడి ఫిజియో చెప్పాడు. మిడత నా వైపు తిరిగి, "అమ్మా, నువ్వేమంటావ్?" అంది. కోచ్‌ని అడగలేదు, వాళ్ళ నాన్నని అడగలేదు. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని కనక నన్నడిగింది. నేను, "పొద్దున చూద్దాంలే" అన్నాను.

పొద్దున వాపు తగ్గలేదు. పదకొండేళ్ళు చీకటితో లేపి, బస్సులెక్కించి, బంతులేరి తీసుకొచ్చాను ఆ రోజు దాకా. గెలిస్తే పెద్ద శిబిరంలో చోటు. ఒక్క మ్యాచ్ కదా అనుకున్నాను. ఆపరేషనైనవాళ్ళకి ఇచ్చే నొప్పి మాత్రలు నా సంచిలో ఉన్నాయి. రెండు తన చేతిలో పెట్టి, "వాపు తగ్గుతుంది, వేసుకో" అన్నాను. వాపు తగ్గించేవి కావవి. నొప్పి తెలియకుండా చేసేవి. ఆ తేడా నాకు తెలుసు, తనకి తెలీదు. నీళ్ళు కూడా నేనే అందించాను.

మూడో సెట్టులో నాలుగు-రెండుతో ముందుంది. అంత బాగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. నొప్పి తెలిస్తే ఆగిపోయేదిరా. ఆగమని చెప్పడానికే కదా నొప్పి ఉండేది. దాని నోరు నేను నొక్కేశాను. బంతి కోసం పక్కకి తిరిగింది. మోకాలి చప్పుడు నాకు జనం కూచునే మెట్ల మీదకి వినిపించింది. ఇంకెవరూ విన్నామనలేదు.

మీ బావకి కూడా తెలీదు. ఇవాళ నీకు తెలిసింది.

అక్క

*

క్లబ్బు గేటు దగ్గర,
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం వచ్చి అయిదు రోజులైంది. వెంటనే రాయలేదు. కోపం వచ్చింది. నీ మీద నాకు కోపం రావడం చిన్నప్పుడు నా గాలిపటం చించినప్పటి తరవాత ఇదే. అప్పుడంటే ఒక పూటలో పోయింది.

నా ఉద్యోగం గడ్డి పెంచడమని అందరూ అనుకుంటారు. కాదు. నా ఉద్యోగం "ఇవాళ ఆడొద్దు" అని చెప్పడం. ఒకసారి పెద్ద పోటీ, జనం నిండిపోయారు, బయటినించి ఆటగాళ్ళు వచ్చారు. పొద్దున వేలితో నొక్కి చూస్తే కింద మట్టి ఇంకా పచ్చిగా ఉంది. కోర్టు చుట్టూ కట్టిన తాడు విప్పనన్నాను. ఎవరెవరు ఏమేం తిట్టారో చెప్తే నీ చెవులు కూడా పోతాయి. విప్పలేదు. ఆటలో అందరూ ఆడమనేవాళ్ళే ఉంటారక్కా. ఆడొద్దనే మనిషి ఒక్కడైనా ఉండాలి. ఆ పొద్దున అది నువ్వు కావాల్సింది. ఇది రాయడానికి నాకు అయిదు రోజులు పట్టింది.

ఇంకొకటి కూడా రాయాలి. నాకు జ్వరమొస్తే మూడు బస్సులు మారి వచ్చి, వారం రోజులు నా మంచం పక్కన నేల మీద పడుకున్న మనిషివి కూడా నువ్వే. రెండూ నువ్వే. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కొట్టెయ్యలేను.

పిల్లకి తెలుసు. ఎంత తెలుసో నాకు తెలీదు. నీ నోటివెంట వినాలని చూస్తోంది. గరిక ఎంత ఒత్తుగా అల్లుకున్నా నీ బదులు ఆ మాట చెప్పదు. కారణాలు చెప్పకు, పదకొండేళ్ళ లెక్క చెప్పకు. నాకు రాసింది రాసినట్టు చెప్పు. బావకి కూడా.

తమ్ముడు

*

కోర్టు పక్కన, చిక్కుడు కంచె దగ్గర,
శనివారం సాయంత్రం

ఒరే తమ్ముడూ,

రెండు నెలలు దాటిపోయాయి. "అక్క ఇక రాయదు" అనుకున్నావా? రాయడానికి ఏదైనా జరగాలి కదా, అందాకా ఆగాను.

చెప్పాను. పొద్దున ఇద్దరం కలుపు తీస్తున్నాం. పక్కపక్కనే వంగి ఉంటే మొహం చూడక్కర్లేదు, అందుకని అప్పుడు చెప్పాను. నీకు రాసినవే మాటలు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. తను కలుపు పీకడం కూడా ఆపలేదు. అంతా విని, "మాత్రల అట్ట నీ సంచిలో చూశానమ్మా. ఆపరేషనైన మర్నాడు, దువ్వెన కోసం వెతుకుతుంటే. అప్పట్నించీ చూస్తున్నా, ఎప్పుడు చెప్తావా అని" అంది.

నేను చేతిలో కలుపు బుట్టలో వేశాను.

"నువ్వు నర్సువి. నాకు అమ్మవి. ఆ పొద్దున రెండూ కాకుండా పోయావు."

"అవును" అన్నాను. కారణాలేవీ చెప్పలేదు. తను లేచి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మీ బావకి కూడా ఆ రోజే చెప్పాను. ఆయన లేచి పెరట్లోకెళ్ళి రోలరు పట్టుకున్నాడు. మధ్యాహ్నం దాకా తోస్తూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా రైట్ రైట్ అనలేదు. భోజనానికొచ్చి కంచం ముందు కూచుని, "నేనూ అడగలేదుగా ఆ రోజు, దాని కాలు ఎట్లా ఉందని" అన్నాడు. అంతే.

రెండు రోజులు ఇల్లు ఆస్పత్రిలా ఉంది. మూడో రోజు పొద్దున మిడత వంటింట్లోకొచ్చి, నా మొహం చూసి అడిగింది, "సుద్ద ఎక్కడ పెట్టావ్? గీతలు గీద్దాం." చాలా రోజుల తరవాత నాన్నకి చెప్పి కాకుండా నన్నే అడిగింది. డబ్బా అందిస్తుంటే, "నాకు కోపం పోలేదు" అంది. "పోనక్కర్లేదు" అన్నాను. "అలా అని తాడు వదులుగా పట్టుకున్నావో, ఊరుకోను" అంది.

కోర్టు ఎలా ఉందో నీ కళ్ళతో చూస్తే తెలుస్తుంది. బంతిని తల ఎత్తు నించి వదిలితే నడుం దాకా లేస్తోంది. పొద్దున్నే చెప్పుల్లేకుండా ఈ చివర నించి ఆ చివరికి నడుస్తుంది మిడత. మొదట్లో ఒకసారి, ఇప్పుడు పదిసార్లు. నడిచాక కత్తెర తీసుకుని అంచులు కత్తిరిస్తుంది. పడమటి వైపు గరిక కొంచెం పసుపెక్కింది. "మావయ్య చూస్తేగానీ నేనే మందూ వెయ్యను" అని మొండికేసింది. పక్క వీధి బడిలో ఆటల టీచరమ్మ గోడ మీంచి చూసి చూసి, ఒక రోజు లోపలికొచ్చి, చెప్పులు విడిచి, గడ్డి మీద చెయ్యేసి చూసింది. వాళ్ళ మైదానం కూడా ఇలా చెయ్యాలట. "ఎవరు చేశారండీ?" అనడిగితే మిడత నీ పేరే చెప్పింది. "ఆయన వస్తారు, నేను కూడా ఆయన దగ్గర పనిచేస్తాను" అని మాటిచ్చేసింది. ఇటు నన్నూ అడగలేదు, అటు నిన్నూ అడగలేదు. కాబట్టి ఆ కార్ల రిజిస్టరు వాళ్ళకిచ్చేసి వచ్చెయ్యి. ఎవరింట్లోనో పడి ఉండటానికి కాదు, పనికి. ముందు గది ఖాళీ చేశాం. కిటికీ కోర్టు వైపే.

ఇవాళ సంగతి చెప్పి ఆపేస్తాను.

నెట్టు కట్టాక మీ బావ ఉండబట్టలేక, "కట్టింది చూసుకోడానికా?" అన్నాడు. మిడత లోపలికెళ్ళింది. మంచం కింద సంచి జిప్పు చప్పుడు బయటికి వినపడింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. రెండు రాకెట్లు తెచ్చింది. ముందు నాన్నకిచ్చింది. ఆయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మూడు బంతులకి మూడూ చిక్కుడు పందిట్లోకి పోయాయి. "నా రూటు అది కాదు" అని దిగిపోయాడు.

"అమ్మా, నువ్వు రా" అంది.

అరవై ఏళ్ళొచ్చాక రాకెట్ పట్టుకున్నానురా. తను కదలకుండా ఒక్క చోటే నిలబడి, నెమ్మదిగా, కిందినించి, నాకు అందేట్టు వేసింది. మొదటివి గాలికి పోయాయి. తరవాత ఒకటి తగిలింది. ఆ చప్పుడు ఎంత బాగుందో నాకు ఇన్నేళ్ళూ తెలీదు. నేను కొట్టింది నెట్టు దాటింది. తను తిరిగి వేసింది. మళ్ళీ దాటింది. నేను నవ్వుతూ అటూ ఇటూ పరిగెత్తాను. అయిదో ఆరో వేశామనుకుంటా, తను బంతిని చేత్తో పట్టుకుని ఆపేసింది. నెట్టు దగ్గరికొచ్చింది.

"నొప్పిగా ఉందా?"

"అబ్బే, లేదు" అన్నాను.

"అమ్మా. నిజం చెప్పు."

"ఉంది. ఎడమ మడమ."

"అయితే ఇవాళ్టికి ఆడొద్దు" అని నా చేతిలోంచి రాకెట్ తీసేసుకుంది.

ఇద్దరం అక్కడే గడ్డి మీద కూలబడ్డాం. తను నా కాలు ఒళ్ళోకి లాక్కుని బొటనవేలితో నొక్కుతూ, "ఇక్కడా?" అంది.

"కొంచెం పక్కకి" అన్నాను.

నీ అక్క